టీకా వేయించాక మా కుక్క చిట్టి మూతి వాచింది. వచ్చే ఏడాది వేయించాలా, మానాలా?

రాజోలు_సుధ
పొమేరియన్ క్రాస్, మూడేళ్ళు, 5 కిలోల 200. నిన్న సాయంత్రం 6కి నైన్ ఇన్ వన్ (తొమ్మిది జబ్బుల టీకా), రేబీస్ రెండూ ఒకేసారి వేశారు. ఏడున్నరకల్లా మూతి, కంటి రెప్పలు ఉబ్బాయి. చెవుల లోపల దద్దుర్లు, మొహం నేలకేసి ఒకటే రుద్దుకోవడం. మళ్ళీ తీసుకెళ్తే ఏవిల్ (ఎలర్జీ మందు), డెక్సా (స్టెరాయిడ్) చేశారు. పది దాటాక వాపు దిగింది. ఇవాళ కుడి భుజం మీద నిమ్మకాయంత గడ్డ, ముట్టుకుంటే మూలుగుతోంది. తిండి సగమే తింది, ఒళ్ళు వెచ్చగా ఉంది.
అడిగేవి మూడు. గడ్డకి కాపడం పెట్టొచ్చా? డోలో చిన్న ముక్క ఇవ్వొచ్చా? వచ్చే ఏడాది ఏం చెయ్యాలి? మా అత్తగారైతే ఇంక సూది జోలికే పోవద్దంటున్నారు.

మందులకొట్టు
రెండోదానికి ముందు జవాబు. డోలో వద్దు, ముక్క కూడా వద్దు. 650 బిళ్ళ 5 కిలోల కుక్కకి పడితే కిలోకి 130 మిల్లీగ్రాములు లెక్క. కాలేయం దెబ్బతినే మోతాదు అది. సగం, పావు అని ఇంట్లో విరిచేటప్పుడు ఎవరి లెక్కా సరిగ్గా ఉండదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నిమెసులైడ్ ఇంకా ప్రమాదం. కడుపులో పుళ్ళు పడతాయి, కిడ్నీలు పోతాయి. నొప్పికి మెలాక్సికామ్ లాంటిది డాక్టరు బరువు చూసి రాయాల్సిందే. నిన్న డెక్సా పడింది కాబట్టి ఇవాళ అది కూడా వద్దంటారు, స్టెరాయిడూ నొప్పి మందూ కలిస్తే పొట్టలో రక్తం పడుతుంది.

ఎటకారం_ఎంకన్న
అత్తగారి మాట కాదని కుక్కకి సూది వేయించిన కోడలు. ముందు మీకు దండం.

పశువైద్యం_రిటైర్డ్
సుధగారూ, టీకా తర్వాత వచ్చేవన్నీ ఒకటే జాతి కాదు. గడియారం చూస్తే సగం తెలిసిపోతుంది.

సూది దిగిన నిమిషాల నుంచి గంట లోపు వాంతి, నీళ్ళ విరేచనం, కాళ్ళు తేలిపోవడం, చిగుళ్ళు తెల్లబడటం వచ్చిందంటే అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదకి తెచ్చే ఎలర్జీ. కుక్కల్లో ఈ దెబ్బ ముందు కాలేయం, పేగుల మీద పడుతుంది. అందుకే మొహం వాపు లేకుండానే వాంతితో మొదలై కూలబడుతుంది. దీనికి ఏవిల్ చాలదు, అడ్రినలిన్ పడాలి. కిలోకి 0.01 మిల్లీగ్రాము చొప్పున తొడ కండలోకి. 1 మి.లీ.లో 1 మిల్లీగ్రాము ఉండే ఆంపుల్ అయితే 5 కిలోలకి 0.05 మి.లీ. మాత్రమే, అంటే సిరంజిలో చుక్క. ఇంట్లో చేసే పని కాదు. "అడ్రినలిన్ ఉందా, ఎక్స్‌పైరీ చూశారా" అని టీకాకి ముందే అడగండి, మొహమాటం అక్కర్లేదు.

అరగంట నుంచి కొన్ని గంటల్లో మూతి వాపు, రెప్పలు, దద్దుర్లు, దురద అయితే మామూలు ఎలర్జీ. చిట్టికి వచ్చింది ఇదే. చూడ్డానికి భయమేస్తుంది గాని చాలామటుకు మందుకి లొంగుతుంది. ఊపిరి ఎగబీలుస్తుంటే మాత్రం మొదటి కేసు కింద లెక్క.

ఒకటి రెండు రోజులు మందంగా ఉండటం, కొద్దిపాటి జ్వరం, సూది పడిన చోట నొప్పి, గడ్డ. ఇది ఒంట్లో టీకా పని మొదలెట్టిందనడానికి గుర్తు, జబ్బు కాదు.

గడ్డకి వేడి కాపడం వద్దు. చల్లటి నీళ్ళలో పిండిన గుడ్డ 5 నిమిషాలు, రోజుకి రెండు మూడు సార్లు చాలు. ఐసు నేరుగా పెట్టకండి, పిసికి కరిగిద్దామని చూడకండి. పసుపూ సున్నం పట్టు అసలే వద్దు, సున్నానికి చర్మం పొక్కుతుంది. మామూలు గడ్డ రోజురోజుకీ గట్టిపడి చిన్నదవుతుంది, రెండు మూడు వారాల్లో పోతుంది. రోజులు గడిచేకొద్దీ పెరిగి, మెత్తబడి, వేడెక్కి, చీము కారితే అది టీకా పని కాదు, సూది మురికి. నెల దాటినా ఉంటే సూదితో కాస్త తీసి పరీక్షించాలి.

రాజోలు_సుధ
థర్మామీటరు పెట్టి చూశాను. 102.9.

పశువైద్యం_రిటైర్డ్
కుక్కకి మామూలే 101 నుంచి 102.5. మన లెక్కలో జ్వరం, దాని లెక్కలో కాస్త ఎక్కువ. 103.5 దాటినా, 48 గంటలయ్యాక కూడా దిగకపోయినా చూపించండి.

ఎటకారం_ఎంకన్న
ఆ థర్మామీటరు ఇంక ఇంట్లో ఎవరూ నాలిక కింద పెట్టుకోకుండా దాని మీద కుక్క బొమ్మ అంటించండి. ఆయ్.

పాలకొల్లు_పద్మ
నవ్వులాట కాదు, నిజంగానే విడిగా ఉంచాలి. డిజిటల్‌ది కొనండి, గాజుది వద్దు. కొసకి కొబ్బరినూనె రాసి, తోక ఎత్తి అంగుళం లోపలికి, పక్క గోడకి తగిలేలా. మలంలో గుచ్చుకుంటే తక్కువ చూపిస్తుంది. చంకలో పెడితే లెక్క కుదరదు.

చిట్టిగారె
అందరూ మందులు చెబుతున్నారు, అసలు మాట ఎవరూ అనట్లేదు. ఇంట్లోంచి కదలని 5 కిలోల కుక్కకి ఒకే రోజు పది రోగాల మందు ఎందుకండీ? అదే మందు 40 కిలోల లాబ్రడార్‌కీ. కనీసం సగం డోసు వెయ్యొచ్చుగా. మా వీధి నాటు కుక్కలకి ఏ టీకా ఉందని బతికేస్తున్నాయి?

వీధికుక్కల_బాబాయ్
బతికినవే మీకు కనపడుతున్నాయి. పార్వోకి, అదే రక్తవిరేచనాల జబ్బుకి, పోయిన కుక్కపిల్లలు వానాకాలంలో కాలవ పక్కన ఎన్ని ఉంటాయో లెక్కెట్టేవాడు లేడు.

పశువైద్యం_రిటైర్డ్
చిట్టిగారెగారి ప్రశ్నలో సగం న్యాయం ఉంది, సగం లేదు.

సగం డోసు తప్పు. పారాసెటమాల్ లాగా ఇది ఒంట్లో పలచబడి పనిచేసే మందు కాదు. రోగనిరోధక కణాలకి చూపించే నమూనా. ఆ నమూనా ఇంత కనపడితేనే గుర్తుపడతాయని తేల్చి సీసా నింపుతారు. పొమేరియన్‌కైనా గ్రేట్ డేన్‌కైనా 1 మి.లీ.యే. సగం వేస్తే రక్షణ సగం కాదు, అసలు రాకపోవచ్చు. ఎలర్జీ రావడానికి మాత్రం ఆ సగం చాలు.

న్యాయం ఉన్న సగం: చిన్న కుక్కల్లో, ఒకే పూట ఎక్కువ సూదులు వేస్తే ఇబ్బందులు పెరుగుతాయి. 2005లో అమెరికాలో 12 లక్షల పైచిలుకు కుక్కల రికార్డులు తిరగేశారు. టీకా వేసిన మూడు రోజుల లోపు ఏదో ఒక ఇబ్బంది నమోదైంది 10,000కి 38 కుక్కల్లో. 10 కిలోల లోపు వాటిలో అదనంగా వేసిన ప్రతి సూదికీ ఆ అవకాశం 27 శాతం చొప్పున పెరిగింది, అంతకంటే పెద్దవాటిలో 12 శాతం. కాబట్టి చిట్టి లాంటిదానికి చెయ్యాల్సింది తగ్గించడం కాదు, విడదీయడం.

చిట్టిగారె
10,000కి 38 అంటే తక్కువేనంటారు. ఆ 38లో మన కుక్క ఉంటే మనకి నూటికి నూరే కదా.

మందులకొట్టు
పార్వో వచ్చిన పిల్లకి అయిదు రోజుల సెలైన్ బిల్లు కూడా నూటికి నూరే.

కాలవగట్టు
నాకొక సందేహం. సూదుల్లో ఎక్కువగా పడనిది లెప్టో (ఎలుకల నుంచి వచ్చే జబ్బు) భాగమే అంటారు కదా. చిన్న కుక్కలకి అది తీసేసి మిగతావి వేయించుకోవచ్చని కొందరు చెబుతారు. సుధగారికి అదే సలహా ఇవ్వొచ్చా?

పాలకొల్లు_పద్మ
బెంగళూరులో పదో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటే ఆలోచించొచ్చు. రాజోల్లో వద్దు.

పశువైద్యం_రిటైర్డ్
పద్మగారు ఒక్క ముక్కలో తేల్చేశారు, నేను కొంచెం సాగదీస్తాను. లెప్టో ఎలుక ఉచ్చలోంచి నీళ్ళలోకి, తడి మట్టిలోకి చేరే బ్యాక్టీరియా. చర్మం మీద గీతలోంచి, నోట్లోంచి, కంట్లోంచి లోపలికి పోతుంది. ఎండకి, పొడి నేలకి చస్తుంది. నిలవ నీటిలో, బురదలో వారాలు బతుకుతుంది. ఇప్పుడు మన డెల్టా తలుచుకోండి. పంటబోదెలు, ఊడ్పుల చేలు, గట్ల నిండా ఎలుక కన్నాలు, కొబ్బరితోటలో కాయలు కొట్టే ఎలుకలు, గోదారి పొంగితే ఇళ్ళలోకి వచ్చి రోజుల తరబడి దిగని వరద నీళ్ళు. ఇంట్లోంచి కదలని కుక్క అన్నారు, పెరట్లో దానికి నీళ్ళు పెట్టే సత్తు గిన్నె రాత్రంతా బయటే ఉంటుంది కదా. రాత్రి ఆ గిన్నె దగ్గరకి ఎవరొస్తారు?

వస్తే మొదట జ్వరం, వాంతులు, కండరాల నొప్పులు. తర్వాత కళ్ళు పచ్చబడటం, ఉచ్చ కాఫీ రంగు, కిడ్నీ ఆగిపోవడం. బతికిన కుక్క కూడా ఉచ్చలో వదులుతూ ఉంటే పెరడు కడిగేవాళ్ళకి ఎలుక జ్వరం అంటుకుంటుంది. 2024లో వచ్చిన ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం మార్గదర్శకాలు కూడా ఈ జబ్బు తిరిగే ప్రాంతాల్లో లెప్టోని తప్పనిసరి టీకాల్లో చేర్చాయి.

పైగా అది చచ్చిన బ్యాక్టీరియా టీకా, రక్షణ ఏడాది పైన నిలవదు. మొదటిసారి 2 నుంచి 4 వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి. పార్వో, డిస్టెంపర్, హెపటైటిస్ బతికిన వైరస్ టీకాలు. చిన్నప్పటి డోసులు 16 వారాలు దాటేదాకా వేసి, ఆర్నెల్లకో ఏడాదికో బూస్టర్ పడితే మూడేళ్ళకోసారి చాలంటాయి అవే మార్గదర్శకాలు. కాబట్టి ఏటా నైన్ ఇన్ వన్ అంతా పొడవాల్సిన పని లేదు. తగ్గించాల్సింది ఆ భాగం. జనం సరిగ్గా తిరగేసి, ఏటా కావాల్సిన లెప్టో మానేసి మూడేళ్ళు ఆగగలిగేదాన్ని ఏటా వేయిస్తున్నారు.

కాలవగట్టు
ఇది కొత్త సంగతి నాకు. ఒప్పుకుంటున్నా.

రాజోలు_సుధ
అయితే వచ్చే ఏడాది చిట్టికి ఎలా వేయించాలి? వరసగా చెప్పండి.

పశువైద్యం_రిటైర్డ్
నైన్ ఇన్ వన్ నిన్న పడింది కాబట్టి పార్వో, డిస్టెంపర్ బెంగ మూడేళ్ళదాకా లేదు. వచ్చే ఏడాది రేబీస్ ఒక్కటే ఒక రోజు. మూడు వారాలాగి లెప్టో ఒక్కటే. లెప్టో విడిగా వస్తుంది గాని ప్రతి కొట్లో ఉండదు, పది రోజుల ముందు చెప్పి తెప్పించుకోవాలి. రేబీస్, లెప్టో కలిపిన సీసా కూడా ఉంది, చిట్టికి అది వద్దు. రెండు సూదుల మధ్య మూడు రోజులు, వారం పెట్టడం మాత్రం చెయ్యొద్దు. వేస్తే ఒకే రోజు, లేదా రెండు మూడు వారాల ఎడం.

ఒకసారి మూతి వాచినంత మాత్రాన ప్రతిసారీ వాస్తుందని లేదు. చాలాసార్లు పడనిది జబ్బు క్రిమి కూడా కాదు, తయారీలో కణాలు పెంచడానికి వాడిన దూడ సీరం ప్రోటీన్, నిలవకి కలిపే జెలటిన్ లాంటివి. అందుకే కంపెనీ మారిస్తే కొన్నిటికి సరిపోతుంది, కొన్నిటికి పోదు. అరగంట ముందు ఏవిల్ చేయించుకుంటే దద్దుర్లు తగ్గుతాయి. అనాఫిలాక్సిస్‌ని అది ఆపదు, కాబట్టి ఏవిల్ వేశారు కదా అని వెంటనే బండెక్కెయ్యకండి. గంట అక్కడే ఉండండి.

అన్నట్టు కార్డు మీద స్టిక్కర్లు ఉన్నాయా?

రాజోలు_సుధ
ఒక్కటే ఉంది. రేబీస్‌ది. రెండోదాని చోట పెన్నుతో "9" అని రాసి సంతకం పెట్టారు.

ఐసుపెట్టె
రేపే వెళ్ళి అడగండి. సీసా మీద ఉన్న స్టిక్కరు ఊడదీసి అంటించడానికే ఇస్తారు. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, కంపెనీ పేరు లేకపోతే ఏది పడలేదో ఎప్పటికీ తెలీదు. ఏ సూది ఏ వైపు వేశారో కూడా రాయించండి. గడ్డ కుడి భుజం మీద అన్నారు, ఆ వైపు వేసింది రేబీసా, తొమ్మిదా?

ఇంకోటి. గడ్డలకి ఒక కారణం ఎవరూ చెప్పలేదు, గడ్డకట్టిన టీకా. ఈ మందులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కరెంటు పోతే వేడెక్కుతుందేమోనని అందరి భయం. మన దగ్గర ఎక్కువగా జరిగేది గడ్డకట్టడం. రాజమండ్రి నుంచో భీమవరం నుంచో బండి మీద వచ్చే థర్మాకోల్ పెట్టెలో ఐసు ముక్కలు నింపి, సీసాలు నేరుగా వాటి మీద పడుకోబెడతారు. ఫ్రిజ్‌లో అయితే ఫ్రీజరు అరకి ఆనించి పెడతారు. పొడి రూపంలో ఉండే పార్వో, డిస్టెంపర్ సీసాకి వేడి శత్రువు, చలి కాదు. రేబీస్, లెప్టో లాంటి నీళ్ళ మందుకి చలే శత్రువు. చాలా రేబీస్ టీకాల్లో అల్యూమినియం జెల్ ఉంటుంది. ఒకసారి గడ్డకట్టి కరిగితే ఆ జెల్ విరిగిపోతుంది, విరిగిన పాలలాగా. బలం పోతుంది, సూది పడిన చోట ఎక్కువ రేగుతుంది.

చూసి పట్టుకోవచ్చు. సీసా బాగా కుదిపి బల్ల మీద పెట్టండి. మంచిదైతే పలచని మజ్జిగలా ఒకే తీరున ఉండి నెమ్మదిగా దిగుతుంది. గడ్డకట్టి కరిగినదైతే పావుగంటలో పలుకులు పలుకులుగా అడుక్కి చేరి, పైన తేట నీళ్ళు నిలుస్తాయి. అది వెయ్యనివ్వకండి.

ఎటకారం_ఎంకన్న
పులస కొనేటప్పుడు మొప్పలెత్తి చూస్తాం, టీకా సీసా ఎప్పుడూ చూడలేదు. జ్ఞానోదయం అయిందండి బాబూ.

చిట్టిగారె
అంటే ఇబ్బంది రాలేదంటే మంచి టీకా పడినట్టేనా?

ఐసుపెట్టె
కాదు. వేడికి చచ్చిన టీకా వేస్తే ఏ ఇబ్బందీ రాదు, ఏ రక్షణా రాదు. నీళ్ళు పొడిచినట్టే.

పశువైద్యం_రిటైర్డ్
కలిపిన సీసా బల్ల మీద ఉంచి టీ తాగి రావడం కూడా అంతే. పొడిలో నీళ్ళ మందు కలిపాక వెంటనే వాడెయ్యాలి. స్పిరిట్ దూది రుద్దితే ఆరేదాకా ఆగాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాని ఒక నిమిషం అరచేతిలో పట్టుకుంటే మంట తక్కువ.

వీధికుక్కల_బాబాయ్
జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి అంటే జబ్బుల దినం) అని పశువుల ఆసుపత్రుల్లో రేబీస్ ఉచితంగా వేస్తారు. వరసలో నిలబడినప్పుడు ఒక్కటే చూసుకోండి, కుక్క కుక్కకీ కొత్త సూది. చీము గడ్డలకి అదే మూలం.

కాలవగట్టు
రాత్రుళ్ళు చిగుళ్ళు ఎలా చూడాలో ఎవరైనా చెప్పండి. నల్ల చిగుళ్ళ కుక్కకి ఏం తెలుస్తుంది?

పాలకొల్లు_పద్మ
పై పెదవి ఎత్తి, కోరపన్ను పైనున్న చిగురు వేలితో నొక్కి వదలండి. నొక్కినచోట తెల్లబడి, రెండు సెకన్ల లోపు గులాబీ రంగు తిరిగి రావాలి. రావడం ఆలస్యమైతే రక్తం అందట్లేదని. చిగురు నలుపైతే కింది రెప్ప లాగి లోపలి ఎరుపు చూడాలి. బాగున్నప్పుడే నాలుగుసార్లు చూసి పెట్టుకుంటే తేడా కనిపెట్టగలరు. ఫోన్ లైటు నీలంగా ఉంటుంది, మోసం చేస్తుంది, బల్బు కింద చూడండి.

పశువైద్యం_రిటైర్డ్
చిగుళ్ళ మాట వచ్చింది కాబట్టి, టీకా పడిన ఒకటి నుంచి నాలుగు వారాల్లో చిగుళ్ళు పాలిపోయినా, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు పొడిచినా రక్తపరీక్ష చేయించాలి. ఒంట్లోని కణాలే తమ రక్తకణాల మీద తిరగబడే జబ్బు అరుదుగా వస్తుంది. టీకా వల్లేనా అన్నది ఇంకా తగువే. మన దగ్గర ముందు గోమార్ల జ్వరం చూడాలి, అదే ఎక్కువ. టీకా వేసిన మూడో నాడు 104 జ్వరం వస్తే అందరూ సూదినే తిడతారు. స్లైడు తీస్తే బబీసియా, అదే గోమార్ల నుంచి రక్తంలో చేరే క్రిమి, కనపడుతుంది.

పొమేరియన్ కాబట్టి ఇంకోటి గుర్తుంచుకోండి. రేబీస్ వేసిన చోట రెండు మూడు నెలలకి వెంట్రుకలు ఊడి, చర్మం నున్నగా నల్లబడితే చూపించండి. అక్కడి సన్న రక్తనాళాలు మూసుకుపోవడం వల్ల అది. బొచ్చు ఎక్కువున్న చిన్న జాతుల్లో కనపడుతుంది, చాలామంది తామర అనుకుని ఆయింటుమెంట్లు పూస్తారు.

మందులకొట్టు
సెట్రిజిన్ ఇంట్లో ఉంచుకుంటామంటారు చాలామంది. డాక్టరు ఫోన్లో చెప్తేనే ఇవ్వండి. ఉత్త సెట్రిజిన్ 10 బిళ్ళే కొనండి. జలుబు బిళ్ళల్లో సెట్రిజిన్‌తో పాటు పారాసెటమాల్, ముక్కు దిబ్బడ మందు కలిపి ఉంటాయి. ఆ దిబ్బడ మందు కుక్క గుండెని పరుగెత్తిస్తుంది. పిల్లల సిరప్ వద్దు, తీపికి జైలిటాల్ వేసినవి ఉంటాయి, కుక్కకి విషం. వాంతులవుతుంటే నోట్లో ఏదీ వెయ్యకండి, బండి తియ్యండి.

రాజోలు_సుధ
స్టిక్కరు తెచ్చుకున్నాను. కుడి భుజం రేబీస్, ఎడమ తొమ్మిది అట. కార్డు అట్ట మీద ఎర్ర పెన్నుతో "మూతి వాపు, గంటన్నరకి, రెండూ ఒకే రోజు" అని తేదీ వేసి రాయించాను. బ్యాచ్ నంబర్లు రెండూ కంపెనీలకి మెయిల్ పెడతామన్నారు. జ్వరం 102.1. అన్నం పూర్తిగా తింది. స్నానం ఎప్పుడు చేయించొచ్చు?

పాలకొల్లు_పద్మ
వారం ఆగాలంటారు గాని తడిస్తే టీకా కొట్టుకుపోదు. గడ్డ నొప్పి తగ్గేదాకా ఆగండి చాలు.

పశువైద్యం_రిటైర్డ్
అవును. నలతగా ఉన్న కుక్కని పట్టి రుద్దొద్దు, అంతే.

లంకలో_నేను
అన్నీ బాగానే ఉన్నాయి. మేం రేవు దాటి రావాలి. సాయంత్రం సూది వేయించుకుని అక్కడ గంట కూర్చుంటే ఆఖరి పంటు (రేవు దాటించే పడవ) పోద్ది. పంటెక్కాక మధ్యలో మూతి వాస్తే గోదారి నడుమ ఎవర్ని పిలవాలి?

పశువైద్యం_రిటైర్డ్
సుధగారి విషయంలో కూడా అదే పొరపాటు, సాయంత్రం ఆరు. సూది ఎప్పుడూ పొద్దున్నే, ఆదివారమూ పండగ ముందు రోజూ కాకుండా. పొద్దున తొమ్మిదికి వేస్తే పదిదాకా అక్కడ, ఆ తర్వాత వాపు వచ్చినా డాక్టరు ఇంకా కుర్చీలోనే ఉంటాడు. ఎండాకాలం అయితే ఎండెక్కకముందే రండి, లేకపోతే వడదెబ్బ వగర్పుకీ ఎలర్జీ వగర్పుకీ తేడా తెలీక కంగారు పడతారు.

లంకలో_నేను
మొదటి పంటు ఆరింటికి. మావాడు పంటెక్కాలంటేనే మొరాయిస్తాడు, ఖాళీ కడుపుతో తేవాలా?

పాలకొల్లు_పద్మ
అక్కర్లేదు. రెండు గంటల ముందు కొంచెం పెరుగన్నం పెట్టండి. నిండా పెడితే పంటు ఊపుకి వాంతి చేసుకుంటాడు, అక్కడ డాక్టరుకి అది టీకా వాంతా, గోదారి వాంతా అర్థం కాదు.